పిట్టగోడ ఎత్తెంత?

(మన సంఘ వార్షికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో ప్రసంగించువారు సాధారణముగ కవిత్వమును గురించియో, నాటకమును గురించియో, మన పండుగలను గురించియో మాటలాడుదురు. నేను చదివినదియు సాహిత్యము, చరిత్రయే. జీవనోపాధికి చేయునది సచివాలయమున కాగితముల పని. ఇంజనీరింగు శాస్త్రమున నాకు ప్రవేశము లేదు. అయినను నేడు నేనెన్నుకొన్న విషయము బాల్కనీ రెయిలింగు. అది ఎంత ఎత్తుండవలెను, ఎంత గట్టిగ నుండవలెను, దాని ప్రక్కన మనమెట్లు మెలగవలెను అను మూడు ప్రశ్నలను మీ ముందుంచెదను. ఈ విషయమును ఇంజనీర్లకు వదలిపెట్టరాదా యని మీరడుగవచ్చును. రెయిలింగును కట్టించువారు ఇంజనీర్లే. కాని దాని నానుకొని నిలుచువారము మనము. దాని ప్రక్కన ఆడుకొనువారు మన పిల్లలు. కావున దాని మంచిచెడ్డలు మనకును కొంతవరకు తెలిసియుండుట అవసరము.

మన భాషలో దీనికొక ముచ్చటైన మాట కలదు: పిట్టగోడ. డాబా అంచున కట్టిన పొట్టి గోడ అది. ఆ మాట వినగనే గోడపై వాలిన పిచ్చుకయో గోరువంకయో మనస్సున మెదలును. కాని పిట్ట వాలుటకు చాలిన గోడ బిడ్డ నాపుటకు చాలదు. చిన్ననాట ఈ భేదము మనకు పట్టలేదు. పట్టించుకొనవలసిన అవసరమును అంతగా లేకుండెను. మన పల్లెలలో పెంకుటిండ్లు, మండువా లోగిళ్లు, వీధి అరుగులు. అరుగు మీదినుండి పడిన పిల్లవానికి మోకాలు చెక్కుకొని పోయెడిది. తల్లి పసుపు అద్దెడిది. అంతటితో ఆ కథ ముగిసెడిది. డాబాలు వచ్చిన పిదప వేసవి రాత్రులు మేడమీద పరుండుట, వడియములు ఎండబెట్టుట, సాయంకాలము పిట్టగోడపై కూర్చుండి కబుర్లు చెప్పుకొనుట అలవాటైనవి. ఒక్క అంతస్తు ఎత్తున ఏర్పడిన ఆ అలవాట్లను మనము ఢిల్లీకి వెంటతెచ్చుకొంటిమి. పది అంతస్తుల ఎత్తున నేటికిని వాటినే పాటించుచున్నాము.

ఎత్తైన చోట అంచునకు అడ్డు కట్టవలెనను ధర్మము క్రొత్తది కాదు. యూదుల ప్రాచీన ధర్మశాస్త్రమున, ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయమున, క్రొత్త ఇల్లు కట్టువాడు ఇంటికప్పునకు పిట్టగోడ కట్టవలెనని, లేనిచో అచటినుండి పడినవాని రక్తదోషము ఆ ఇంటికి తగులునని విధింపబడి యున్నది. ఆ దేశమున ఇండ్ల కప్పులు చదునుగ నుండెడివి. జనులు వాటిపై తిరుగుట, పరుండుట కలదు. ఆ శాసనము దోషమును మేస్త్రీపై మోపలేదు. ఇంటి యజమానిపై మోపినది. ఈ అంశమును మీరు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను. నేను చెప్పబోవు దానికంతకును అదియే మూలము.

మనమున్న ఈ ఢిల్లీ నగరమునే చూడుడు. పురానాఖిల్లాలో షేర్ మండల్ అను రెండంతస్తుల అష్టకోణపు కట్టడము కలదు. హుమాయూను చక్రవర్తి దానిని గ్రంథాలయముగ వాడుకొనెనని చెప్పుదురు. 1556 జనవరిలో ఆయన మేడమెట్లు దిగుచుండగా నమాజు పిలుపు వినవచ్చెననియు, మోకరిల్లబోవగా కాలు అంగీ అంచున చిక్కుకొని క్రిందపడెననియు చరిత్రకారులు వ్రాసిరి. కొలది దినములలో ఆయన మరణించెను. పోగొట్టుకొన్న రాజ్యమును పదునైదేండ్లకు తిరిగి గెలుచుకొన్నవాడు, ఏడాదియైన నిండకమునుపే మెట్లకు బలియయ్యెను. యుద్ధభూమిలో అనుక్షణము మెలకువతో నుండువాడును తన ఇంటి మేడపై ఏమరుపాటున నుండును. ఇంటిలోని అపాయములన్నిటికిని ఇదియే లక్షణము.

ఇక మన ఉద్యోగుల నివాసముల సంగతి. లోదీ కాలనీ, సరోజినీ నగరు, నేతాజీ నగరు మొదలగు చోట్ల మనవారు చిరకాలము నివసించిన క్వార్టర్లు ఎక్కువగ ఒకటి రెండు అంతస్తులవి. ముంగిట పచ్చిక, ఒక వేపచెట్టు, శీతకాలపు ఎండలో మంచము వేసికొనుటకు చోటు ఉండెడివి. 2016 జూలైలో కేంద్ర మంత్రివర్గము ఢిల్లీలోని ఏడు ఉద్యోగుల కాలనీల పునర్నిర్మాణమునకు ఆమోదము తెలిపెను. అవి సరోజినీ నగరు, నేతాజీ నగరు, నౌరోజీ నగరు, కస్తూర్బా నగరు, త్యాగరాజ నగరు, శ్రీనివాసపురి, మహమ్మద్‌పూరు. 12,970 పాత ఇండ్ల స్థానమున 25,667 క్రొత్త ఇండ్లు కట్టవలెనని నాటి ప్రణాళిక. భూమి పెరగదు గనుక ఇండ్లు పైకి పెరుగవలసి వచ్చెను. తూర్పు కిద్వాయి నగరున పాత క్వార్టర్లుండిన చోట నేడు ఎత్తైన భవనముల వరుసలు నిలిచియున్నవి. సొంత ఇల్లు కొనుక్కొన్న మన మిత్రులలో అనేకులు నోయిడా, ఘాజియాబాదు, గురుగ్రాము, ద్వారకలలో ఇంకను ఎత్తైన అంతస్తులలో కాపురముండిరి. మన భవన నిర్మాణ సంహిత 15 మీటర్లు, అంతకు మించిన ఎత్తుగల భవనమును ఎత్తైన భవనముగ పరిగణించుచున్నది. అనగా ఒక్క తరములోనే మన కుటుంబములు నేలను విడిచి ఆకాశమున కాపురము పెట్టినవి.

ఎత్తు పెరిగినచో ఏమి మారునో లెక్కవేసి చూడుడు. మూడు మీటర్ల ఎత్తునుండి జారిన వస్తువు ముప్పాతిక సెకనులో, గంటకు సుమారు 28 కిలోమీటర్ల వేగముతో నేలను తాకును. పదియవ అంతస్తునుండి, అనగా సుమారు 30 మీటర్ల నుండి పడినది రెండున్నర సెకన్లలో, గంటకు సుమారు 87 కిలోమీటర్ల వేగముతో నేలను చేరును. మొదటి సందర్భమున ఆసుపత్రికి పరుగెత్తుటకు అవకాశముండును. రెండవ సందర్భమున ఉండదు. కావుననే అంచుననున్న అడ్డు ఒక్కసారియైనను తప్పరాదు.

ఆ అడ్డును గురించి మన నియమములు ఏమి చెప్పుచున్నవి? భారత జాతీయ భవన నిర్మాణ సంహిత మొదట 1970లో వెలువడెను. 1983లోను, 2005లోను, 2016లోను దానిని సవరించిరి. దానిని ప్రకటించునది భారతీయ ప్రమాణాల సంస్థ. అది స్వయముగ శాసనము కాదు. స్థానిక సంస్థలు తమ ఉపవిధులలో చేర్చుకొన్నప్పుడు దానికి శాసనబలము కలుగును. ఢిల్లీకి 1983 నాటి ఉపవిధుల స్థానమున 2016లో ఏకీకృత భవన ఉపవిధులు వచ్చినవి. ఇట్టి నియమములలో డాబాలకు, బాల్కనీలకు పిట్టగోడ గాని రెయిలింగు గాని ఉండవలసిన కనీసపు ఎత్తు ఇంచుమించుగ ఒక మీటరు. బ్రిటనులో బాల్కనీ అంచున 1,100 మిల్లీమీటర్ల ఎత్తు విధించిరి. అమెరికా దేశపు మాదిరి సంహితలో పెద్ద భవనములకు 42 అంగుళములు, అనగా సుమారు 107 సెంటీమీటర్లు. విడి ఇండ్లకు 36 అంగుళములు.

ఈ అంకెలు ఎవరో తోచినట్లు వ్రాసినవి కావు. నిలుచున్న మనుష్యుని శరీర భారమంతయు ఒక్క బిందువున నున్నట్లు భావించినచో, ఆ బిందువు బొడ్డునకు సమీపమున, అతని ఎత్తులో సుమారు 55, 56 వంతుల వద్ద నుండును, నూరు వంతులలో. 170 సెంటీమీటర్ల మనిషికి అది సుమారు 95 సెంటీమీటర్లు. రెయిలింగు ఆ బిందువునకు పైన నున్నంతవరకు, మనిషి తూలి దానిపై పడినను కాళ్లు నేలనే అంటియుండును. శరీరము వెనుకకు వచ్చును. రెయిలింగు ఆ బిందువునకు క్రిందనున్నచో అది అడ్డుగ నుండుట మాని త్రాసునకు ముల్లువలె పనిచేయును. తల బరువు క్రిందికి లాగును, కాళ్లు పైకి లేచును. కావున మీటరు అనునది సామాన్యపు ఎత్తుగల మనిషికి కొంచెమే మిగులు గల హద్దు. ఆరడుగుల వానికి ఆ మిగులు కూడ ఉండదు. మన పిల్లలు మనకంటె పొడగరులగుచున్న ఈ కాలమున మీటరును కనీసముగ ఎంచవలెనే గాని, అంత ఉన్నచో చాలునని తృప్తిపడరాదు.

ఎత్తు తరువాత చూడవలసినది సందు. కమ్మీకి కమ్మీకి నడుమ ఎంత ఎడము ఉండవచ్చును? బ్రిటనులో 100 మిల్లీమీటర్ల గోళము, అమెరికాలో నాలుగంగుళముల గోళము ఆ సందులో దూరరాదని నియమము. రెండును ఇంచుమించుగ ఒక్కటే. పసిపిల్లల శరీరము సన్నము, తల పెద్దది. శరీరము దూరి తల చిక్కుకొన్నచో ఎంతటి ప్రమాదమో చెప్పనక్కరలేదు. 

మూడవది బలము. మన ప్రమాణములలో 875 సంఖ్యగల దాని రెండవ భాగము, 1987 నాటిది, పిట్టగోడలపైనను రెయిలింగులపైనను ప్రక్కనుండి పడు త్రోపును లెక్కకట్టినది. నివాసగృహముల సొంత బాల్కనీలకు మీటరు పొడవునకు 0.35 కిలోన్యూటనులు, ఇతర మేడమెట్లకు, బాల్కనీలకు, డాబా పిట్టగోడలకు 0.75, జనము గుమిగూడు చోట్లకు 2.25. మన భాషలో చెప్పవలెనన్న ప్రతి మీటరునకు సుమారు 35 కిలోలు, 75 కిలోలు, 225 కిలోల బరువుతో సమానమైన త్రోపునకు అది తట్టుకొనవలెను. ఈ అంకెలలో ఒక హెచ్చరిక దాగియున్నది. ఇంటి బాల్కనీని ఇంటిలోని నలుగురి కొరకు లెక్కవేసిరి. వీధిలో పెండ్లి ఊరేగింపు వచ్చినప్పుడు, దీపావళి మందుగుండు చూచునప్పుడు, పదిమంది బంధువులు ఒక్కసారిగ రెయిలింగుపై ఒరిగినచో, ఆ లెక్క మారిపోవును. అతిథులను గదిలో కూర్చుండబెట్టి, వంతులవారీగ చూపించుట మర్యాదకు లోపము కాదు.

నియమములు చెప్పునది ఇంతవరకు. ఇకమీద చెప్పబోవునది ఏ తనిఖీదారుడును వచ్చి చూడనిది. రెయిలింగు ఎత్తును నేలనుండి కొలుచుట ఇంజనీరు పద్ధతి. పిల్లవాడు ఎక్కడ నిలుచుండునో అక్కడినుండి కొలుచుట తల్లిదండ్రుల పద్ధతి కావలెను. మీటరు ఎత్తు రెయిలింగు ప్రక్కన 45 సెంటీమీటర్ల కుర్చీ వేసితిమి. కుర్చీ ఎక్కిన నాలుగేండ్ల పిల్లవానికి ఆ రెయిలింగు 55 సెంటీమీటర్లది మాత్రమే. అతని నడుమునకు అందును. మన బాల్కనీలలో ఏమేమి పెట్టుచున్నామో ఒకసారి తలచుకొనుడు: వేసవి కూలరు, చెప్పుల పెట్టె, పాత వార్తాపత్రికల కట్ట, తులసి కుండీ దిమ్మె, మడత మంచము, బోర్లించిన నీళ్ల బకెట్టు. ప్రతి వస్తువును ఒక మెట్టు. ప్రభుత్వము మీటరు ఎత్తు ఇచ్చినది. మనము దానిలో సగము తిరిగి ఇచ్చివేసితిమి.

మరియొకటి. కొందరు పాత నేలపై క్రొత్త పలకలు పరపించుకొందురు. సిమెంటుతో కలిపి నేల నాలుగైదు సెంటీమీటర్లు పైకి వచ్చును. గది అందగించును గాని, రెయిలింగు అంతమేర పొట్టిదగును. అడ్డకమ్మీల రెయిలింగు కూడ ఇట్టిదే. అడ్డముగ వరుసగ బిగించిన గొట్టములు చూచుటకు నాగరకముగ నుండును. పిల్లవానికి అది నిచ్చెన. బ్రిటనులో ఐదేండ్లలోపు పిల్లలుండు అవకాశముగల కట్టడములలో సులభముగ ఎక్కుటకు వీలగు రెయిలింగులు పెట్టరాదని నియమము. నిలువు కమ్మీలు పాతకాలపువి యని మనవారు పెదవి విరుతురు. పాతకాలపువారు ఎందులకు పెట్టిరో ఆలోచింపరు.

ఇచ్చట ఒక పెద్దావిడ మాట మీకు చెప్పవలెను. మా మిత్రుని తల్లిగారు గోదావరి ప్రాంతమునుండి మనుమలను చూచుటకు వచ్చిరి. పదకొండవ అంతస్తున ఇల్లు. వచ్చిన మరునాడే ఆమె బాల్కనీలోని సామానంతయు లోపల పెట్టించిరి. కోడలు నవ్వి, "అత్తయ్యగారూ, ఇన్నాళ్లు ఏమీ కాలేదు కదండీ" అనెను. అందుకామె, "అమ్మాయీ, మేము కాలవ గట్టున కాపురం ఉన్నవాళ్లం. పిల్లకి నడక రాగానే నీటిని చూపించి భయం చెప్పేవాళ్లం. మీకు ఇక్కడ కాలవ లేదు, గాలి ఉంది. దాని భయం మీ పిల్లలకి ఎవరు చెబుతారు?" అనిరి. నేను చదివిన నియమములన్నిటికంటె ఆ మాట నాకు ఎక్కువ బోధపడినది. కాలువ గట్టువారికి నీటిభయము, అడవి ప్రక్కవారికి మృగభయము తరతరముల నేర్పు. ఎత్తుభయము నేర్పు పెద్దలు మనకు లేరు. ఎందుకనగా మన పెద్దలు ఈ ఎత్తున బ్రతుకలేదు. ఆ నేర్పును మన తరమే మొదలు పెట్టవలెను.

ఆ నేర్పు లేనందున ఏమగునో మన చుట్టుప్రక్కలనే చూచుచున్నాము. 2022 ఫిబ్రవరిలో ఫరీదాబాదున ఒక తల్లి, తొమ్మిదవ అంతస్తులోని తాళము వేసిన ఇంటి బాల్కనీలో పడిన చీర కొరకు, తన కుమారుని దుప్పటి సాయముతో పదియవ అంతస్తునుండి క్రిందికి దించి మరల పైకి లాగుకొనిన దృశ్యము దేశమంతయు చూచెను. బాలునికి హాని కలుగలేదు, అది భాగ్యము. అచట రెయిలింగు దోషమేమియు లేదు. చీర విలువ ఎంతయో, ఎత్తు విలువ ఎంతయో పోల్చుకొను అలవాటు లేకపోవుటయే దోషము. 2025 మే నెలలో, పూనాలో పైనుండి పడిన పూలకుండీవలన ఒక బిడ్డ మరణించిన పిదప, నోయిడా అధికార సంస్థ ఎత్తైన భవనముల బాల్కనీ అంచులపై కుండీలు పెట్టరాదని ఆదేశించెను. రెయిలింగు మనలను కాపాడుట కొరకే గాక, మన క్రింద నడచువారిని కాపాడుట కొరకును ఉన్నదని ఆ ఆదేశము గుర్తుచేయుచున్నది.

ఆగస్టు 15న ఢిల్లీ మేడలపై గాలిపటములు ఎగురవేయు సంప్రదాయము మీరెరుగుదురు. మన హైదరాబాదు సంక్రాంతిని తలపించు ఆ వేడుక నాకును ఇష్టమే. కాని గాలిపటము నెగురవేయువాని కన్ను ఆకాశముపై, అడుగు వెనుకకు. పిట్టగోడ మోకాలి ఎత్తుననున్న పాత మేడలపై ఇది మిక్కిలి ప్రమాదము. ఆ దినమున మేడకు పెద్దవాడొకడు కాపలాగ నిలువవలెను. పావురములు రాకుండ బాల్కనీలకు కట్టు సన్నని వలలను చూచి ధైర్యపడువారును కలరు. ఆ వల పావురమును ఆపుటకు కట్టినది. ఎండకు ఎండి, వానకు తడిసి, కాలక్రమమున చేతితో లాగినను తెగవచ్చును. దానిని నమ్మి బిడ్డను వదలరాదు.

అట్లయినచో బాల్కనీనంతయు ఇనుప జాలీతో మూసివేయుదమా? పెక్కుమంది అట్లే చేయుచున్నారు. ఇందులో రెండు చిక్కులు కలవు. అగ్నిప్రమాదము జరిగినప్పుడు తప్పించుకొను దారియో, సహాయకులు చేరు దారియో ఆ బాల్కనీయే కావచ్చును. నిండుగ మూసిన జాలీ ఇంటిని పంజరముగ మార్చును. జాలీ పెట్టుకొనువారు అందులో లోపలినుండి తెరచు తలుపొకటి విధిగ పెట్టించి, తాళముచెవి ఎక్కడున్నదో ఇంటిలోని పెద్దలందరికిని తెలియజేయవలెను. రెండవది, ఢిల్లీ శీతకాలమున మన ముసలివారికి దొరకు కొంచెము ఎండ ఆ బాల్కనీ ద్వారానే వచ్చును. దానిని అడ్డగించుట ఎవరికి ఇష్టము? తగిన ఎత్తు, ఇరుకు సందులు, నిలువు కమ్మీలు గల రెయిలింగు ఉన్నచో చాలవరకు జాలీ అవసరముండదు.

రెయిలింగు ప్రాయమును కూడ చూచుచుండవలెను. ఇనుప కమ్మీ నేలలో దిగు చోట వాననీరు నిలుచును; తుప్పు అక్కడనే మొదలగును. పైన రంగు మెరయుచుండును, మొదట ఇనుము పొరలు పొరలుగ రాలుచుండును. సిమెంటు చుట్టును గోధుమరంగు మరక, సన్నని పగులు కనిపించినచో అది ప్రమాద సూచన. ఈ మధ్య గాజు రెయిలింగులు వాడుకలోనికి వచ్చినవి. గట్టిపరచిన గాజు ఒక్కటే పలకయైనచో పగిలినప్పుడు చిన్నచిన్న ముక్కలై రాలి, అంచు ఒక్కసారిగ ఖాళీయగును. నడుమ పొరవేసి రెండు పలకలు అతికిన గాజు పగిలినను చోటు వదలదు. కొనునప్పుడు అడుగవలసిన ప్రశ్న ఇదియే.

ఇట్టి పని ఇంటింటికి తిరిగి చేయుట సాధ్యమా యని మీరు సందేహింపవచ్చును. న్యూయార్కు నగరమున 1970ల ఆరంభమున పిల్లలు కిటికీలనుండి పడి మరణించుచుండుట చూచి, ఆ నగర ఆరోగ్యశాఖవారు పిల్లలు ఎగురలేరు అను అర్థము వచ్చు పేరుతో ఒక కార్యక్రమమును ప్రారంభించిరి. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి పోయి తల్లులతో మాటలాడిరి. కిటికీలకు కమ్మీలు ఉచితముగ ఇచ్చిరి. అటుపై 1976లో, పదేండ్లు, అంతకు లోపు వయస్సుగల పిల్లలున్న అద్దె ఇండ్లకు కమ్మీలు పెట్టించు బాధ్యత యజమానిదని నియమము చేసిరి. బ్రాంక్సు ప్రాంతమున నమోదైన పతనములు సగమునకు తగ్గినట్లు 1977లో ప్రకటింపబడెను. మొదట మాట, తరువాత కమ్మీ, చివరకు నియమము. ఆ వరుసను గమనింపుడు. మన దేశమునను, తెరచి విడిచిన బోరుబావులలో పిల్లలు పడుచుండగా 2010లో సుప్రీము కోర్టు వాటికి మూతలు, కంచెలు విధించినది. నియమము వచ్చిన పిదపకూడ ఏ ఊరివారు తమ బావులను తామే లెక్కపెట్టుకొనిరో ఆ ఊరి పిల్లలకే క్షేమము.

కాగితముతో పనిచేయు మనకు ఒక రహస్యము తెలియును. కొలత లేని ఫిర్యాదు ఫైలులో నిద్రించును. కొలత గల ఫిర్యాదునకు జవాబు వ్రాయక తప్పదు. మా మిత్రుడొకరు కొనిన ఇంటిలో రెయిలింగు 86 సెంటీమీటర్లే యుండెను. నిర్మాణదారుని నోటిమాటగ అడిగినప్పుడెల్ల, నమూనా ప్రకారమే కట్టితిమని సమాధానము. తుదకు ఆయన మూడు చోట్ల కొలిచి, టేపుతో సహా ఛాయాచిత్రము తీసి, వర్తించు ఉపవిధిని ఉదహరించి, నివాసుల సంఘము ద్వారా లేఖ వ్రాసిరి. కొన్ని నెలలకు ఆ భవనమున అన్ని బాల్కనీలకును పైన మరియొక గొట్టము అతికిరి. కోపముతో కానిది కొలతతో అయినది.

కావున మన సంఘము ముందు ఒక చిన్న ప్రతిపాదన నుంచుచున్నాను. ప్రతి సంవత్సరము వేసవి సెలవులకు ముందు, అనగా మన ఊళ్లనుండి మనుమలు, మేనల్లుళ్లు ఢిల్లీకి రాకమునుపు, ప్రతి సభ్యుడు తన బాల్కనీని ఒకసారి పరీక్షించుకొనవలెను. చూడవలసినవి నాలుగే. నేలనుండి రెయిలింగు పైఅంచు వరకు ఎత్తు మీటరునకు తగ్గరాదు. కమ్మీల నడుమ సందు 10 సెంటీమీటర్లకు మించరాదు. కమ్మీని పట్టి ఊపినచో కదలరాదు, మొదట తుప్పు ఉండరాదు. రెయిలింగునకు చేయిసాచినంత దూరములో ఎక్కుటకు వీలైన వస్తువు ఏదియు ఉండరాదు. ఈ నాలుగింటిలో చివరిదానికి ఎవరి అనుమతియు అక్కరలేదు. పైసా ఖర్చు లేదు. ఈ రాత్రి ఇంటికి వెళ్లగనే చేయవచ్చును. మొదటి మూడింటిలో లోపమున్నచో కొలతలతో వ్రాసి, ప్రభుత్వ క్వార్టరైనచో నిర్వహణ కార్యాలయమునకు, సొంత ఇల్లయినచో నివాసుల సంఘమునకు ఇచ్చి, ప్రతియొకటి దాచుకొనవలెను.

ఒంటరిగ నున్న వృద్ధులకు, విశ్రాంత ఉద్యోగులకు ఈ కొలతలు తీసిపెట్టుటకు మన యువకులు కాలనీకి ఇద్దరు చొప్పున ముందుకు వచ్చినచో బాగుండును. నాటకములకు, ఉగాది పచ్చడికి, కవిసమ్మేళనమునకు ఇంటింటికి తిరిగి చందాలు వసూలు చేయు ఉత్సాహము వారికి కలదు. అదే దారిలో ఒక టేపు జేబులో వేసికొనిపోవుట కష్టము కాదు. మహిళా విభాగమువారు పిల్లలకు ఈ ఎత్తుభయమును కథగ చెప్పు బాధ్యత తీసికొన్నచో ఇంకను మేలు. భయపెట్టుట వేరు, భయము నేర్పుట వేరు. ఆ భేదము మన తల్లులకు తెలిసినంతగ ఏ సంహితకును తెలియదు.

మన పూర్వులు ఇల్లు కట్టునప్పుడు గడపకు పసుపు పూసి, తోరణము కట్టి, లోనికి వచ్చువారి క్షేమమును కోరిరి. వారి ఇంటికి అంచు గడపయే. మన ఇంటికి మరియొక అంచు ఏర్పడినది, గాలివైపు. దానిని కూడ అంతటి శ్రద్ధతో చూచుకొందమని ప్రార్థించుచున్నాను.